పొగలేని మందుతో, మూతి నుంచి కూరే తుపాకితో దుప్పి వేట: ఒహాయో కొండల్లో నా పద్ధతి

మా బామ్మర్ది డాలస్‌లో ఉంటాడు. పోయిన దీపావళికి ఫోన్ చేసి, "బావా, నువ్వేదో నాటు తుపాకితో దుప్పుల్ని కొడుతున్నావంట, నిజమేనా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడి మాటలో అబద్ధం లేదు. పాల్వంచ అవతల మా అమ్మమ్మ ఊళ్లో చిన్నప్పుడు చూసిన నాటు తుపాకికీ, ఇప్పుడు నా గ్యారేజీ బీరువాలో తాళం వేసి ఉన్నదానికీ సూత్రం ఒకటే. మూతిలోంచి మందు పోయాలి, దాని మీద గుండు దింపాలి, వెనకనుంచి నిప్పు తగిలించాలి. తేడా అంతా కొలతలోనే ఉంది. అక్కడ మందు గుప్పిట అంచనా. ఇక్కడ పౌనుకు 7,000 గ్రెయిన్లు, నేను గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూస్తాను.

వాడికి తుపాకి కొనాలని ఉబలాటం. వాడికి చెప్పినదే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా అమెరికా సంగతి, అందులోనూ ఒహాయో సంగతి. మన దగ్గర దుప్పినీ కణితినీ కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు, లైసెన్సు లేని తుపాకి పట్టుకుంటే ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. సెలవులకి ఊరెళ్లి ఈ సరదా తీర్చుకుందామని ఎవరూ అనుకోవద్దు.

ఇంతకీ ఈ తుపాకి ఎందుకు

ఒహాయోలో దుప్పి వేటకి మామూలు హైపవర్ రైఫిల్ పనికిరాదు. చాలాకాలం పొడుగు తుపాకుల్లో షాట్‌గనో, మూతి నుంచి కూరే తుపాకో మాత్రమే ఉండేవి. 2014 నుంచి తిన్నని గోడ ఉన్న, అంటే మెడ దగ్గర సన్నబడని, తూటాల రైఫిళ్లు కూడా ఒప్పుకున్నారు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం తుపాకి వారం మొదలవుతుంది. జనవరి మొదట్లో 4 రోజులు కూరుడు తుపాకులకే ప్రత్యేకం. గొట్టం లోపలి వెడల్పు .38 క్యాలిబర్‌కి తగ్గకూడదు. అంటే చేతిలో మంచి కూరుడు తుపాకి ఉంటే రెండు సీజన్లూ మనవే, పైగా జనవరిలో అడవిలో జనం పలచగా ఉంటారు.

మామూలు కూరుడు తుపాకిలో నల్లమందు గానీ, దాని బదులు వాడే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి గానీ పోస్తారు. ఆ మసి చెమ్మ పీల్చుకుంటుంది. సాయంత్రం కడక్కుండా పడుకుంటే తెల్లారేసరికి గొట్టంలో తుప్పు. కొట్టగానే ఎదురుగా తెల్లటి పొగ గోడ లేస్తుంది, దుప్పి ఎటు పోయిందో కనపడదు. ఇప్పటి రైఫిల్ తూటాల్లో ఉండే పొగలేని మందుతో ఈ రెండు బాధలూ లేవు. వేగం కూడా ఎక్కువ, 200 గజాల దగ్గర గుండు తక్కువ జారుతుంది. నా వరకు అసలు లాభం వేగం కాదు. కొట్టిన క్షణంలో దుప్పి ఏం చేసిందో కళ్లారా కనపడటం.

దీనికి మొదట దారి వేసినవాడు నార్త్ కరోలినా మనిషి హెన్రీ బాల్. ఆయన ఆలోచనతోనే సావేజ్ కంపెనీ 10ఎంఎల్ అనే మోడల్ తెచ్చింది, పొగలేని మందు కోసమే ఫ్యాక్టరీలో తయారైన కూరుడు తుపాకి అది. పదేళ్లు తిరిగేసరికి ఆపేసింది. అప్పటినుంచి ఎక్కువగా చేతిపనివాళ్లదే రాజ్యం. రెమింగ్టన్ 700 లాంటి రైఫిల్ బోల్ట్ యాక్షన్ (వెనక ఉండే కాల్చే యంత్రభాగం) తీసుకుంటారు, .45 క్యాలిబర్ మందపాటి గొట్టం బిగిస్తారు, గొట్టం వెనక మరలతో బిగించే ఉక్కు బిరడా పెడతారు. దాన్ని బ్రీచ్ ప్లగ్ అంటారు. బిరడాలో సన్నటి నిప్పు రంధ్రం, దాని వెనక ప్రైమర్, అంటే నిప్పు పుట్టించే చిన్న టోపీ, కూర్చునే చోటు. నాది అలాంటిదే. చెప్పిన గడువుకి 5 నెలలు ఆలస్యంగా వచ్చింది. ఈ పనిలో అది మామూలే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ ఏడు సీజన్ మీద ఆశ వదిలేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దుకాణంలో దొరికే మామూలు కూరుడు తుపాకిలో పొగలేని మందు పోయకూడదు. కొంచెమైనా సరే, ఒక్కసారైనా సరే. అది నల్లమందు ఒత్తిడికే కట్టిన గొట్టం, పగులుతుంది. పగిలితే ముందు పోయేవి గొట్టం కింద పట్టుకున్న ఎడమచేతి వేళ్లు. గొట్టం మీద ఏ మందు పోయాలో చెక్కి ఉంటుంది, అది చదవండి. చెక్కి లేకపోతే, చేసినవాడి నుంచి కాగితం మీద రాయించుకోండి.

వీసా సంగతి ముందు తేల్చుకోండి

బామ్మర్ది హెచ్-1బి మీద ఉన్నాడు. వాడికి ఇది తెలియదు, చాలామందికి తెలియదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోకుండా తుపాకి ఇంట్లో పెట్టుకుంటే గ్రీన్ కార్డు కల అక్కడే ఆగొచ్చు. వేరొకరి తుపాకిని షూటింగ్ రేంజ్‌లో సరదాకి చేతిలోకి తీసుకున్నా ఇదే లెక్క. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టండి, తుపాకి ఖరీదులో అదెంత.

"కూరుడు తుపాకి అంటే పాతకాలం వస్తువు కదా బావా, దానికి కాగితాలు అక్కర్లేదంటగా" అన్నాడు. నల్లమందు కోసం చేసిన మామూలు కూరుడు తుపాకికి ఆ మాట కొంతవరకు సరే, ఫెడరల్ చట్టం దాన్ని పురాతన ఆయుధాల్లో కలుపుతుంది. కానీ రెమింగ్టన్ 700 యాక్షన్ మీద కట్టినది ఆ లెక్కలోకి రాదు. మామూలు రైఫిల్ ఫ్రేమ్ ఉంది కాబట్టి అది పూర్తి తుపాకే. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరికే రావాలి, తుపాకి కొనేవాళ్లు నింపే 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. నాన్ ఇమ్మిగ్రెంట్లు ఆ ఫారంలో ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) నంబరూ రాయాలి, వేట లైసెన్సూ చూపించాలి.

ఇంకో సంగతి, రాష్ట్రం మారితే రూలు మారుతుంది. కొలరాడోలో కూరుడు తుపాకి సీజన్‌కి పొగలేని మందు కుదరదు, స్కోపు కుదరదు, గుండు చుట్టూ ప్లాస్టిక్ తొడుగూ కుదరదు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాతి సీజన్‌కి చెకుముకి రాయితో నిప్పు పుట్టే తుపాకే కావాలి. నా మాట విని లక్షలు పోసి కొని, మీ రాష్ట్రంలో పనికిరాలేదని నన్ను తిట్టొద్దు.

ఒహాయోలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు వేట భద్రత కోర్సు చేయాలి. ప్రైవేటు భూమి అయితే యజమాని రాసిచ్చిన అనుమతి జేబులో ఉండాలి, నోటిమాట చాలదు. నేను వేటాడేది కొలంబస్‌కి ఆగ్నేయంగా, గంటన్నర దూరంలో, కొండల మధ్య ఒక పెద్దాయన పొలం. ఏటా ఆగస్టులో వెళ్లి కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను, ఒక పెద్ద సీసా ఆవకాయ ఇచ్చొస్తాను. ఆయన దాన్ని గుడ్లలో వేసుకుని తింటాడట.

మందు, గుండు, కడ్డీ మీద గీత

ఇక్కడే నిదానించాలి. మామూలు రైఫిల్‌లో తూటాని ఫ్యాక్టరీ తయారుచేస్తుంది. ఇందులో ఫ్యాక్టరీ మీరే, ప్రతిసారీ, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా సరే.

ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు అనేది నేను ఇక్కడ రాయను. గొట్టం పొడవు, బిరడా, గుండు బరువు ఒక్కటి మారినా లెక్క మారుతుంది. నా తుపాకికి సరిపోయినది మీ తుపాకిని పేల్చేయొచ్చు. గొట్టం కట్టినవాడు ఇచ్చిన పట్టికలో కింది అంకెతో మొదలుపెట్టండి, పై అంకె దాటకండి. పేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒక మందు బదులు ఇంకోటి పోయకండి. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉండాలి. మిగిలిన మందు తిరిగి అదే డబ్బాలోకి పోసి, మూత పెట్టాకే ఇంకోటి తీయాలి.

నల్లమందు కొలిచే గొట్టపు కొలత పాత్ర దీనికి పనికిరాదు. అది పరిమాణం కొలుస్తుంది, ఇది బరువు తూయాలి. నేను రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, ఫోను వేరే గదిలో పెట్టి తూస్తాను. ఫ్యాన్ కూడా ఆపేస్తాను, గాలికి త్రాసు అంకె ఆడుతుంది. ఒక్కో మోతాదు ఒక్కో ప్లాస్టిక్ గొట్టంలో పోసి మూత పెడతాను. మూత మీద మార్కర్‌తో బరువూ తేదీ. వేటకి 4 గొట్టాలు తీసుకెళ్తాను, నాలుగూ వాడింది ఎప్పుడూ లేదు.

గుండు సంగతి. కొందరు ప్లాస్టిక్ తొడుగు వేసి దింపుతారు. పొగలేని మందు వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అందుకే రేంజ్‌లో రెండు గుళ్ల మధ్య గొట్టం చల్లారేదాకా ఆగాల్సొస్తుంది. నేను తొడుగు లేకుండా నేరుగా దింపే రకం వాడతాను. గుండుని అచ్చులోంచి నొక్కి, గొట్టానికి సరిపడా సన్నం చేస్తాను. ఎంత సన్నం అనేది చేతికే తెలియాలి. రెండు వేళ్లతో తోస్తే దిగిపోతే మరీ వదులు. కొండ దిగేటప్పుడు తుపాకి మూతి కిందికి వంగితే గుండు మందు మీదనుంచి ముందుకి జారుతుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉన్నప్పుడు కొడితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూవచ్చు. మరీ బిగువైతే గుండు దింపే కడ్డీ మీద ఒళ్లంతా వేసి తోయాలి, గుండు మొన నలిగిపోతుంది. ఒంటి చేత్తో, ఆగకుండా, గట్టిగా ఒకే తోపుకి దిగాలి. నేను ఎండాకాలం సరిచూసుకున్న అచ్చు జనవరి చలికి కాస్త బిగువు అనిపించింది. అప్పటినుంచి చలిలోనే సరిచూస్తున్నాను.

కూరే వరుస ఇది. తుపాకి బోల్ట్ తీసేసి ఉండాలి, ప్రైమర్ ఉండకూడదు, మూతి ఆకాశం వైపు, మన ముఖానికి ఎడంగా. ముందు ఖాళీ గొట్టంలోకి కడ్డీ దింపి అడుగు తగిలిందో లేదో చూడాలి. కడ్డీ మీద నాకు రెండు గీతలున్నాయి: ఖాళీ గొట్టానికి ఎర్రది, మందూ గుండూ ఉన్నప్పటికి నల్లది. ఎర్రగీత మూతి దగ్గరికి వచ్చిందంటే గొట్టం ఖాళీ. పొడి గుడ్డ ఒకసారి దింపి నూనె తుడవాలి. తర్వాత మందు. గొట్టం పక్క చేత్తో రెండుసార్లు తట్టాలి. తర్వాత గుండు. నల్లగీత మూతి అంచుకి సరిగ్గా రావాలి. కడ్డీ బయటికి తీయాలి. నవ్వకండి, కడ్డీతో సహా కొట్టినవాళ్లున్నారు.

నల్లగీత లేకపోతే ఈ రోజు నేను ఇది రాసేవాణ్ని కాదేమో. మూడేళ్ల కింద, అక్టోబర్లో, రేంజ్‌కి మా ఆఫీసు కుర్రాణ్ని వెంట తీసుకెళ్లాను. నేను మందు పోశాను. వాడు ఇంటి లోను వడ్డీ గురించి ఏదో అడిగాడు. చెప్పాను. వాడు మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను. చేతిలో ఇంకో ప్లాస్టిక్ గొట్టం కనపడింది, అదీ పోశాను. గుండు దింపితే నల్లగీత మూతికి దాదాపు రెండు అంగుళాలు పైన నిలబడింది. ఒక క్షణం గుండు అడ్డం పడిందేమో అనుకుని ఇంకా గట్టిగా తోశాను కూడా. తర్వాత బల్ల మీద చూస్తే రెండు ఖాళీ గొట్టాలు పక్కపక్కన పడున్నాయి. ఒళ్లు చల్లబడింది. ప్రైమర్ ఇంకా పెట్టలేదు కాబట్టి అక్కడే బిరడా విప్పి, మందూ గుండూ వెనకనుంచి తోసేశాను. ఈ తుపాకుల్లో ఉన్న గొప్ప సుఖం అదే, మందు దించడానికి కాల్చక్కర్లేదు. అప్పటినుంచి ఖాళీ అయిన ప్లాస్టిక్ గొట్టం తిన్నగా ఎడమ జేబులోకి పోతుంది. ఎడమ జేబు బరువుగా ఉంటే తుపాకిలో మందు ఉన్నట్టు. కూరేటప్పుడు నాతో ఎవరైనా మాట్లాడితే పక్కన పెట్టేసి, కడ్డీ గీతతో మొదటినుంచి చూసుకుంటాను.

గురి సరిచూసుకోవడం

రేంజ్‌లో గబగబా పది గుళ్లు కొట్టి కాగితం మీద చిన్న గుంపు చూసి మురిసిపోతారు. వేటలో కొట్టేది చల్లటి గొట్టంలోంచి మొదటి గుండు, అదొక్కటే. అందుకని అక్టోబరంతా వీలైనప్పుడల్లా పొద్దున్నే వెళ్లి ఒకటే గుండు కొట్టి ఇంటికొచ్చేస్తాను. అదే కాగితం మళ్లీ మళ్లీ తీసుకెళ్తాను. అయిదు పొద్దులు కలిపి ఆ కాగితం మీద కనపడేదే నా అసలు గురి. 100 గజాలకి అంగుళంన్నర పైన పడేలా పెట్టుకుంటే 200 దాకా పెద్దగా లెక్కలు వేయక్కర్లేదు. అదీ మీ గుండు వేగాన్ని బట్టి మారుతుంది, కాబట్టి 150 దగ్గరా 200 దగ్గరా నిజంగా కొట్టి చూడండి. 200 దాటితే నేను కొట్టను. తుపాకి ఇంకా దూరం పోతుంది, నా చెయ్యి పోదు.

దీని తోపు భుజానికి గట్టిగానే తగులుతుంది. స్కోపుకి కన్ను మరీ దగ్గర పెడితే కనుబొమ్మ మీద అర్ధచంద్రం పడుతుంది. చెవులకి మఫ్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. కొట్టాక ప్రైమర్ తీసి చూడండి. దాని చుట్టూ నల్లగా మసి పట్టిందంటే ఆవిరి వెనక్కి కారుతోంది, ప్రైమర్ అమరిక వదులుగా ఉందన్నమాట. కట్టినవాడికి చూపించాలి.

మంచె మీద

మన చేలల్లో పిట్టల్ని తోలడానికి వేసే మంచె గుర్తుందా, ఇక్కడ దాన్నే చెట్టుకి కట్టి ట్రీ స్టాండ్ అంటారు. ఎక్కేముందు ఒంటికి పట్టీలు, నేల మీదనుంచే తాడుకి తగిలించుకోవాలి. తుపాకి చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కొద్దు. ప్రైమర్ లేకుండా తాడుకి కట్టి, పైకెక్కి కూర్చున్నాక లాగాలి. అప్పుడు ఒకసారి కడ్డీ దింపి నల్లగీత కదిలిందేమో చూసి, ప్రైమర్ చివర్న పెట్టాలి. ఒహాయో చట్టంలో కూడా ప్రైమర్ తీసేస్తే కూరుడు తుపాకి ఖాళీ కిందే లెక్క, కారులో పెట్టేముందు అది తీసి జేబులో వేసుకోవాలి. వాన పడుతుంటే మూతికి ఎలక్ట్రీషియన్ టేపు ముక్క అంటించండి. కొట్టినప్పుడు గుండు కంటే ముందు తోసుకొచ్చే గాలికే అది ఎగిరిపోతుంది, గురి చెడదు. నారింజ రంగు కోటు అందరికీ కనపడేలా వేసుకోవాలి, దుప్పికి ఆ రంగు మనకి కనపడినట్టు కనపడదు.

నవంబర్‌లో పోతులు ఆడవాటి వెంట పిచ్చిగా తిరుగుతాయి. జనవరికి ఆ వేడి తగ్గిపోతుంది, తిండే లోకం. కోయకుండా మిగిలిన మొక్కజొన్న, సోయా మోడులు, ఓక్ కాయలు రాలిన చోట్లు వెతకండి. చలి బాగా ఉన్న రోజు ఎండ తగిలే దక్షిణం వాలు మీద పడుకుంటాయి. మా పెద్దాయన పొలంలో రెండు కొండల మధ్య సన్నటి వాగు ఉంది. పొద్దున్న ఎండ ఎక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది. అందుకని పొద్దున్న నా మంచె వాలు పైన, సాయంత్రం వాగు అంచున. వాసన తగిలితే చాలు, కాలు నేలకి కొట్టి, తెల్లతోక ఎత్తి వెళ్లిపోతుంది, తుపాకి ఎంత మంచిదైనా లాభం లేదు. ముందురోజు ఇంట్లో తాలింపు వేస్తే ఆ కోటు కారు డిక్కీలోనే ఉంచండి. ఇది మా ఆవిడతో గొడవ పెట్టుకుని నేర్చుకున్న పాఠం.

పోయిన జనవరి, సీజన్ రెండో రోజు. మైనస్ 6 డిగ్రీలు. సూర్యుడు రావడానికి అరగంట ముందునుంచి సూర్యుడు పోయిన అరగంట దాకా కొట్టొచ్చు, కానీ ఆ మసక వెలుతుర్లో స్కోపులో కొమ్మలూ కొమ్ములూ ఒకలాగే ఉంటాయి. పొద్దున్న 8 దాటాక ఒక ఆడ దుప్పి, దాని వెనక ఇంకోటి వచ్చాయి. పెద్దది పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగాను. ముందుకాలి వెనక, ఒంటి కింది మూడోవంతులో గురి. వెనక మట్టిగట్టు ఉంది, అది చూసుకున్నాకే సేఫ్టీ తీశాను. ఈ గుండు తగలకపోతే చాలా దూరం పోతుంది. వెనక ఆకాశం తప్ప ఏమీ లేని దుప్పిని ఎప్పుడూ కొట్టకండి. కొట్టాను. పొగ లేదు. వెనక కాళ్లు గాలిలోకి తన్నడం, తోక దించుకుని వాగు వైపు పరిగెత్తడం, కూలిన పెద్ద చెట్టు మొద్దు దగ్గర మలుపు తిరగడం, అన్నీ స్కోపులోనే చూశాను.

మొదటేడు నేను చేసిన తప్పు ఇక్కడే. దిగి పరుగెత్తాను. గాయపడిన దుప్పి వెంటపడితే అది ఇంకో అరమైలు పోతుంది. ఇప్పుడు గడియారం చూసి, దుప్పి నిలబడిన చోటూ చివరగా కనపడిన చోటూ గుర్తు పెట్టుకుని, అరగంట కదలను. దిగాక ముందు నెత్తురు చూడాలి. గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకో రెండు మూడు గంటలు ఆగాలి. పచ్చగా, పేడ వాసన వస్తే పొట్ట తగిలింది, వెనక్కెళ్లి టీ తాగి, కనీసం 6 గంటలు ఆగి రావాలి. ఆ రోజు నురగే. మొద్దుకి 30 గజాల అవతల పడి ఉంది. కళ్లు తెరిచి ఉంటే చచ్చినట్టు, మూసుకుని ఉంటే ఇంకా ప్రాణం ఉందేమో. వెనకవైపు నుంచి వెళ్లి కర్రతో కంటిని తాకి చూశాను.

ట్యాగ్ అక్కడే నింపాలి. మర్నాడు మధ్యాహ్నం 12 లోపు ఫోన్లో రిజిస్టర్ చేయాలి.

మాంసం, ఆపైన బిరడా

పేగులు అక్కడే తీసేయాలి. పొట్ట సంచీ తెగకుండా కత్తి పదును పైకి పెట్టి, రెండు వేళ్లు కింద పెట్టి కోయాలి. జనవరి చలే పెద్ద ఫ్రిజ్, మాంసం త్వరగా చల్లబడుతుంది. సీసం గుండు వాడితే గాయం చుట్టూ చేయంత మేర కోసి పారేయండి, సీసం కంటికి కనపడని ముక్కలుగా చెదురుతుంది. పిల్లలు తినే ఇల్లు కాబట్టి నేను రాగి గుండుకి మారాను. ఒహాయోలో 2020 డిసెంబర్‌లో వయాండాట్ కౌంటీ అడవి దుప్పిలో మొదటిసారి సీడబ్ల్యూడీ అనే మెదడు రోగం బయటపడింది. మనుషులకి అంటినట్టు ఇప్పటిదాకా లేదు గానీ, రోగం ఉన్నదాన్ని తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఆ ప్రాంతాల్లో వేటాడితే పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చాకే వండండి.

దుప్పి కొవ్వు మేక కొవ్వులా ఉండదు. చల్లారితే నోట్లో మైనంలా అతుక్కుంటుంది, నీచు వాసనంతా దాంట్లోనే. తెల్లగా కనపడేదంతా, కండ మీద వెండి పొరతో సహా తీసేసి, వంటలో నూనె పెంచండి. వెన్నుపట్టి ముక్కలు పెనం మీద మిరియాలతో రెండు నిమిషాలు చాలు. తొడ కండ కీమా కొట్టించి, వేసవిలో పెరట్లో పెంచి ఫ్రీజర్లో దాచిన గోంగూరతో వండితే, మా ఇంటికొచ్చినవాళ్లు వేటమాంసం అంటే పొట్టేలనుకునే తిన్నారు. కాళ్లు పాయాకి. పౌను ఎంతకిస్తావని అడిగేవాళ్లు ఉంటారు. అడవి మాంసం అమ్మడం నేరం, ఊరికే ఇవ్వొచ్చు.

తుపాకిని ఆ రాత్రే వేడి ఇంట్లోకి తేవద్దు, చల్లటి ఉక్కు మీద చెమ్మ పడుతుంది. గ్యారేజీలో నిదానంగా వేడెక్కాక బోల్ట్ తీసి, పొడుగు పానాతో బిరడా విప్పండి. గొట్టంలో కార్బన్, రాగి పోయే ద్రావకంతో గుడ్డలు తెల్లగా వచ్చేదాకా. బిరడా రంధ్రంలో మసిని సరైన సైజు డ్రిల్ ముక్కతో చేత్తోనే తిప్పి తీయాలి, మెషిన్‌కి పెట్టొద్దు. ఒక సైజు పెద్ద డ్రిల్ ముక్క కూడా ఆ రంధ్రంలో దూరితే నిప్పు కోతకి అది వెడల్పయిందన్నమాట, లోపలి చిన్న తొడుగు మార్చాలి. నేను పోయిన ఏడాది మార్చాను. మరలకి వేడికి తట్టుకునే గ్రీజు పూసి బిగించాలి, లేకపోతే వచ్చే ఏడు విప్పేటప్పుడు పానా విరుగుతుంది. చివర్న కడ్డీ దింపి ఎర్రగీత చూసుకున్నాకే బీరువా తాళం. ఎడమ జేబులో ఒక ఖాళీ గొట్టం దొరికింది, కడిగి బోర్లించాను. నోటుపుస్తకంలో ఆ రోజు వరస: మైనస్ 6, గాలి పడమర, 118 గజాలు, ఒకటి.